సముద్రపు అడుగున గ్యాసు రాయిగా మారుతుందా? గోదావరి తీరంలో తరచుగా వినిపించే ప్రశ్నలు

కోనసీమలో నేను రసాయన శాస్త్రం చెబుతాను. బంగాళాఖాతం అడుగున ఉన్న 'మండే మంచు' (గ్యాస్ హైడ్రేట్) మాట ఎక్కడ వచ్చినా అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ ఎదురవుతున్నాయి. గ్యాసు విలువ గురించి పత్రికల్లో చాలా వచ్చింది. ఆ గ్యాసు పక్కనే, బురదలో పెరిగే సున్నపు రాయిని పట్టించుకున్నవారు తక్కువ. నన్ను పట్టి ఉంచింది ఆ రాయే. గ్యాసు ఎప్పుడు కదిలిందో, ఏ దారిన పోయిందో గుర్తు పెట్టుకునేది అది ఒక్కటే. విద్యార్థులు, ఉపాధ్యాయులు, వేటకు వెళ్ళేవారు అడిగిన తీరులోనే ప్రశ్నలను ఉంచాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## గ్యాసు, బురద, మంచు

గ్యాస్ హైడ్రేట్ అంటే గడ్డకట్టిన గ్యాసేనా?

కాదు. గడ్డకట్టేది నీరు. నీటి అణువులు చిన్న చిన్న బోనుల్లా అమరుతాయి, ఒక్కో బోనులో మీథేన్ అనే మండే గ్యాసు అణువు ఒకటి చిక్కుకుంటుంది. ఆ బోను నిలవాలంటే చల్లదనం కావాలి, గట్టి ఒత్తిడి కూడా కావాలి. చూడడానికి మామూలు మంచు ముక్కలాగే తెల్లగా ఉంటుంది. అగ్గిపుల్ల చూపితే మండుతుంది, కింద నీరు మిగులుతుంది. గ్యాసు నిండుగా పట్టిన ఒక ఘనపు మీటరు హైడ్రేట్ కరిగితే సుమారు 160 ఘనపు మీటర్ల మీథేన్, 0.8 ఘనపు మీటరు నీరు వస్తాయి.

ఇది మన తీరానికి ఎదురుగానే ఎందుకు ఉంది?

గోదావరి మోసుకొచ్చే బురద వల్ల. నాసిక్ దగ్గరి త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించే ఈ నది దక్కను పీఠభూమి నల్లరేగడిని, దానితోపాటు ఆకూ అలమూ కుళ్ళిన మట్టిని సముద్రంలోకి దింపుతుంది. కృష్ణా నది కూడా తన వంతు తెచ్చి పోస్తుంది. వరద వెంట వరదగా ఒండ్రు త్వరత్వరగా పేరుకుంటే, కుళ్ళవలసిన పదార్థం పూర్తిగా కుళ్ళకముందే లోతున పూడిపోతుంది. అక్కడ ఆక్సిజన్ ఉండదు. ఆక్సిజన్ లేకుండా బతికే సూక్ష్మజీవులు దానిమీద పనిచేసి మీథేన్‌ను విడుదల చేస్తాయి.

ఇక కావలసింది చల్లదనం, ఒత్తిడి. మన తీరం నుంచి సముద్రపు నేల తొందరగానే లోతుకు జారిపోతుంది. వెయ్యి మీటర్ల లోతున నీటి ఉష్ణోగ్రత ఆరేడు డిగ్రీల సెల్సియస్, ఒత్తిడి మనం నేలమీద మోసే దానికి సుమారు వంద రెట్లు. హైడ్రేట్ నిలవడానికి ఆ పరిస్థితి చాలు. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే తవ్వకపు నౌక కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఒకచోట పగుళ్ళు పట్టిన బంకమట్టిలో దాదాపు 130 మీటర్ల మందాన హైడ్రేట్‌ను చూసింది. 2015లో చిక్యూ అనే జపాన్ నౌక వచ్చినప్పుడు ఇసుక పొరల్లోనూ హైడ్రేట్ దొరికింది.

వరి చేలో కాలు పెడితే బుడగలు వస్తాయి కదా, అదీ ఇదీ ఒకటేనా?

గ్యాసు ఒకటే. దాన్ని తయారుచేసే సూక్ష్మజీవులూ ఒకే కోవకు చెందినవి. దమ్ము చేసిన మడిలో నీరు నిలిచి ఉండగా అడుసులోకి కాలు దింపితే బుడబుడమని పైకి వచ్చేదాంట్లో ఎక్కువ పాలు మీథేనే. తేడా ఆ తర్వాత మొదలవుతుంది. చేలో వెచ్చగా ఉంటుంది, ఒత్తిడి లేదు, అందుకే హైడ్రేట్ ఏర్పడదు. రాయి పుట్టడానికి కావలసిన సల్ఫేట్ (గంధకం ఉన్న లవణం) కాలువ నీటిలో చాలా తక్కువ, అందుకే సముద్రపు అడుగున జరిగే స్థాయిలో మీథేన్ నుంచి సున్నపు రాయి పుట్టదు. చేలో పుట్టిన గ్యాసు గాలిలో కలిసిపోతుంది. సముద్రపు బురదలో పుట్టినది పైకి చేరే దారిలో అడ్డంకులు దాటాలి.

మా ఊరి బోరులో గ్యాసు వచ్చింది. పాశర్లపూడిలో మండింది కూడా హైడ్రేటేనా?

రెండూ కావు. నేలమీద మనకున్న వేడికి, ఊరి బోరు లోతుకు హైడ్రేట్ ఉండే అవకాశమే లేదు. బోరులో వచ్చేది పాత బురద పొరల్లో చిక్కుకున్న గ్యాసు కావచ్చు, ఇంకా లోతు నుంచి పగుళ్ళ గుండా ఎక్కినదీ కావచ్చు. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాసు బావిలో అంటుకుని రెండు నెలలకు పైగా ఆరని మంటకు కారణం కిలోమీటర్ల లోతున రాతి పొరల్లో ఒత్తిడితో నిండి ఉన్న సహజవాయువు. ఆ మంటల వెలుగు చూసిన వాళ్ళు ఇప్పటికీ గ్యాసు అనగానే ఉలిక్కిపడతారు. ఆ భయాన్ని నేను తేలికగా తీసుకోను. కానీ హైడ్రేట్ ఉన్నది తీరానికి దూరంగా, వెయ్యి మీటర్ల నీటి కింద. అది వేరే సంగతి.

## గ్యాసు నుంచి రాయి

హైడ్రేటే గట్టిపడి రాయి అవుతుందా?

అవదు. నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఇదే. హైడ్రేట్‌లో ఉన్నది నీరు, మీథేన్ మాత్రమే. అందులో కాల్షియం లేదు. పైగా అది ఏర్పడేటప్పుడు ఉప్పును, ఇతర లవణాలను బోను బయటే వదిలేస్తుంది. కరిగితే మళ్ళీ నీరూ గ్యాసూ అవుతుంది. రాయి పుట్టాలంటే ఆ మీథేన్ హైడ్రేట్ నుంచో, దాని కింది పొరల నుంచో బయటపడి పైకి పోవాలి, దారిలో సల్ఫేట్‌ను కలవాలి. హైడ్రేట్‌ను గ్యాసు దాచిన గాదె అనుకోండి. రాయి తయారయ్యే వంటిల్లు ఇంకొకచోట ఉంటుంది.

మరి కార్బొనేట్ రాయి, అంటే సున్నపు రాయి, ఎలా పుడుతుంది? వివరంగా చెప్పండి.

సముద్రపు నీటిలో ఉప్పుతోపాటు సల్ఫేట్ కూడా ఉంటుంది, కిలో నీటికి సుమారు 2.7 గ్రాములు. ఈ సల్ఫేట్ నేల పైనుంచి బురద లోపలికి ఇంకుతుంది. మీథేన్ కింది నుంచి పైకి వస్తుంది. రెండూ ఎదురుపడే పొర ఒకటి ఉంటుంది. అక్కడ కొన్ని సూక్ష్మజీవులు మీథేన్‌ను సల్ఫేట్‌తో కలిపి 'తింటాయి'. ఆక్సిజన్ అక్కర లేకుండానే మీథేన్ ఆక్సీకరణం జరుగుతుంది. ఒక మీథేన్ అణువు, ఒక సల్ఫేట్ అయాన్ ఖర్చయితే ఒక బైకార్బొనేట్ అయాన్, ఒక సల్ఫైడ్ అయాన్, ఒక నీటి అణువు వస్తాయి.

అసలు కీలకం ఆ బైకార్బొనేట్. దానితోపాటు బురద లోపలి నీటికి క్షారగుణం పెరుగుతుంది. ఆ నీటిలో కాల్షియం ముందే ఉంది. క్షారగుణం పెరిగేకొద్దీ కాల్షియం, కార్బొనేట్ రెండూ నీటిలో కరిగి ఉండలేక ఘనరూపంలో దిగిపోతాయి. ఉప్పునీటి బోరు ఉన్న ఇళ్ళలో నీళ్ళు కాచే బిందె లోపల తెల్లగా గార కట్టడం చూసే ఉంటారు. అక్కడ వేడి చేసే పనిని ఇక్కడ సూక్ష్మజీవులు చేస్తాయి. ముందు బంకమట్టి రేణువుల సందుల్లో కంటికి కనిపించని స్ఫటికాలు, తర్వాత అవి ఒకదానికొకటి అతుక్కుని గడ్డలు, గ్యాసు ఎక్కిన సన్నని దారి చుట్టూ గొట్టాలు, చివరకు పలకలు. మట్టిని సిమెంటు పట్టుకున్నట్టు పట్టుకుంటుంది.

లెక్క కూడా చూడండి. 16 గ్రాముల మీథేన్‌లోని కార్బన్ మొత్తం ఇలా దిగితే 100 గ్రాముల కాల్షియం కార్బొనేట్ అవుతుంది. నిజానికి అంతా దిగదు, కొంత బైకార్బొనేట్ నీటితోపాటు సముద్రంలోకి పోతుంది.

ఈ పని చేసే జీవులు ఏవి?

జంటగా పనిచేసేవి. ఆర్కియా అనే సూక్ష్మజీవుల వర్గానికి చెందినవి మీథేన్ నుంచి ఎలక్ట్రాన్లను తీస్తాయి, వాటిని అంటిపెట్టుకుని ఉన్న బ్యాక్టీరియా ఆ ఎలక్ట్రాన్లతో సల్ఫేట్‌ను సల్ఫైడ్‌గా మారుస్తుంది. ఇలాంటి గుత్తులను అమెరికా పశ్చిమ తీరాన, ఆరెగాన్ రాష్ట్రానికి ఎదురుగా ఉన్న హైడ్రేట్ రిడ్జ్ బురదలో సూక్ష్మదర్శినితో చూసిన ఫలితాలు 2000లో వెలువడ్డాయి. వాటికి దక్కే శక్తి చాలా కొద్ది. అందుకే అవి రెట్టింపు కావడానికి నెలలు పడుతుంది. పెరుగు తోడుకోవడానికి ఒక రాత్రి చాలు కదా, దానితో పోల్చుకోండి. అంత నిదానమైన జీవులే సముద్రపు నేల కింద పలకల కొద్దీ రాతిని పేర్చాయంటే, వేల ఏళ్ళు ఎంత పని చేస్తాయో తెలుస్తుంది.

ఆక్సిజన్ ఉంటే రాయి ఇంకా త్వరగా పుడుతుందా?

లేదు, వ్యతిరేకం జరుగుతుంది. ఆక్సిజన్‌తో మీథేన్ ఆక్సీకరణం చెందితే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అది నీటిలో కలిసి ఆమ్లగుణం పెంచుతుంది. ఆమ్లం సున్నాన్ని కరిగిస్తుంది. సల్ఫేట్‌తో జరిగే మార్గంలో మాత్రం క్షారగుణం పెరుగుతుంది. గ్యాసు అదే అయినా, ఏ దారిలో ఖర్చయిందన్న దాన్ని బట్టి రాయి పుట్టడమో కరగడమో తేలుతుంది. ఈ ఒక్క సంగతి పట్టుబడితే మిగతా విషయమంతా సులువవుతుందని తరగతిలో ప్రతిసారీ చెబుతాను.

అంత కాల్షియం ఎక్కడి నుంచి వస్తుంది?

సముద్రపు నీటి నుంచే. లీటరులో సుమారు 400 మిల్లీగ్రాముల కాల్షియం, దానికి మూడు రెట్లకు పైగా మెగ్నీషియం ఉంటాయి. బురద సందుల్లోని నీటిలో కాల్షియం ఖర్చవుతుంటే పై నీటి నుంచి కొత్తది మెల్లగా ఇంకుతుంది. అందుకే బురద నుంచి పిండి తీసిన నీటిని పరీక్షిస్తే, రాయి పెరుగుతున్న పొర దగ్గర కాల్షియం ఒక్కసారిగా తగ్గినట్టు కనిపిస్తుంది. రాయి చేతికి దొరకకపోయినా అది పుడుతోందని ఆ తగ్గుదల చెబుతుంది.

కాల్సైట్, ఆరగొనైట్, డోలమైట్, సిడరైట్ అంటారు. ఇన్ని రకాలు ఎందుకు?

ఇవన్నీ కార్బొనేట్ ఖనిజాలే. నీటిలో ఏముంది, ఏమి అయిపోయింది అన్నదాన్ని బట్టి రకం మారుతుంది. సముద్రపు నేలకు దగ్గరగా సల్ఫేట్ ఇంకా దండిగా ఉన్నచోట సూదుల్లాంటి ఆరగొనైట్ పుట్టే అవకాశం ఎక్కువ. కాస్త లోపల సల్ఫేట్ తగ్గినచోట మెగ్నీషియం ఎక్కువగా చేరిన కాల్సైట్ ముందుంటుంది. సల్ఫేట్ దాదాపు ఖాళీ అయి సల్ఫైడ్ ఉన్న నీటిలో డోలమైట్‌కు అనుకూలం. ఇంకా కిందికి వెళితే సల్ఫైడ్ కూడా ఉండదు, మీథేన్ తయారయ్యే పొర వస్తుంది. అక్కడ ఇనుము కరిగి ఉంటే కార్బొనేట్ దానితో కలిసి సిడరైట్ అవుతుంది. పైపొరల్లో ఇనుమును సల్ఫైడ్ లాగేసుకుని పైరైట్ చేస్తుంది, అందుకే అక్కడ సిడరైట్‌కు ఇనుము మిగలదు. దక్కను నల్లరాతి నుంచి వచ్చిన మట్టిలో ఇనుముకు కరువు లేదు కనుక మన వైపు బురదలో ఈ ఇనుము లెక్కను తప్పక చూడాలి.

నేల నుంచి ఎంత లోతున పుడుతుంది?

మీథేన్ ఎంత జోరుగా వస్తోందన్నది తేల్చుతుంది. గ్యాసు ఊట బలంగా ఉంటే సల్ఫేట్‌ను అది పైకి నెట్టేస్తుంది, రాయి నేలమీదే పెరుగుతుంది. నెమ్మదిగా ఉంటే కలిసే పొర మీటర్ల లోతుకు, ఒక్కోచోట పదుల మీటర్లకు దిగుతుంది. ఆ పొర ఒకేచోట చాలాకాలం నిలిస్తే గట్టి పలక ఏర్పడుతుంది. పైకీ కిందికీ కదులుతూ ఉంటే చెదురుమదురు గడ్డలే మిగులుతాయి.

కుళ్ళిన గుడ్డు వాసన వస్తుందని విన్నాను. నిజమేనా?

నిజమే. అది హైడ్రోజన్ సల్ఫైడ్. దాని కోసం వెయ్యి మీటర్ల లోతుకు పోనవసరం లేదు. కోరింగ మడ అడవుల్లో ఆటు వేళ నీరు తీసిన తర్వాత బురదలో చేయి పెట్టి చూడండి. పైన వేలెడు మందం గోధుమ రంగు. దాని కింద కాటుకలా నల్లటి అడుసు. గుప్పిట పట్టి పైకి తీయగానే ఆ వాసన ముక్కును తాకుతుంది. గాలికి కాసేపు ఉంచితే నలుపు మెల్లగా వెలిసి గోధుమ రంగుకు తిరుగుతుంది. నలుపు ఇనుము, గంధకం కలిసి ఏర్పడినది. సల్ఫేట్‌ను సల్ఫైడ్‌గా మార్చే బ్యాక్టీరియా అక్కడా పనిచేస్తుంది. కాకపోతే మడ అడవిలో దానికి ప్రధాన ఆహారం రాలిన ఆకు, లోతు సముద్రంలో మీథేన్.

## రాయిని చదవడం

ఒక రాయిని చూసి అది మీథేన్ నుంచి వచ్చిందని ఎలా చెబుతారు?

కంటితో చెప్పలేరు. కార్బన్‌లో 12, 13 అనే రెండు స్థిరమైన ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న పరమాణువుల) నిష్పత్తి కొలుస్తారు. దాన్ని ఒక ప్రామాణిక నమూనాతో పోల్చి, తేడాను వెయ్యికి ఇన్ని పాళ్ళని చెబుతారు. మామూలు సముద్రపు గవ్వలో ఈ కొలత సున్నాకు దగ్గరగా ఉంటుంది. వరి వంటి మొక్కల్లో వెయ్యికి మైనస్ 27 ప్రాంతం. సూక్ష్మజీవులు తయారుచేసిన మీథేన్‌లో మైనస్ 60, ఇంకా తక్కువ కూడా, అంటే బరువైన కార్బన్ చాలా కొద్ది. మైనస్ 40, 50 చూపే సున్నపు రాయి దొరికితే దాని కార్బన్ మీథేన్ నుంచి వచ్చిందని గట్టిగా చెప్పవచ్చు. అంత తక్కువ విలువను ఇచ్చే మూలం వేరొకటి అక్కడ లేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. మీథేన్ తయారయ్యే లోతు పొరలో సూక్ష్మజీవులు తేలికైన కార్బన్‌ను మీథేన్‌లోకి లాగేస్తాయి, మిగిలిన బైకార్బొనేట్‌లో బరువైనది పోగవుతుంది. అక్కడ పుట్టిన రాయి సున్నా కంటే ఎక్కువ విలువ చూపుతుంది. కొలత మైనస్‌లో ఉందా, ప్లస్‌లో ఉందా అన్నది రాయి ఏ పొరలో పుట్టిందో చెబుతుంది.

మన తీరంలో అలాంటి రాయి నిజంగా దొరికిందా?

దొరికింది. 2007 మే నెలలో మారియన్ డుఫ్రేన్ అనే ఫ్రెంచి పరిశోధక నౌక కృష్ణా-గోదావరి బేసిన్‌లో నేలలోకి పొడవైన గొట్టం దింపి బురద స్తంభాన్ని పైకి తీసింది. నేలకు 16 నుంచి 20 మీటర్ల లోపల కార్బొనేట్ ఒక్కసారిగా పెరిగింది, ఒక్కోచోట ఘనపరిమాణంలో సగానికి పైగా. అందులో చిన్న పొగగొట్టాల్లాంటి ఆకారాలు, పైరైట్, మెగ్నీషియం కాల్సైట్‌తో అతుక్కున్న గుల్లల ముక్కలు ఉన్నాయి. ఆ గుల్లలు కాలిప్టోజెనా అనే ఆల్చిప్పలవి. సల్ఫైడ్‌ను వాడుకునే బ్యాక్టీరియాను తమ మొప్పల్లో పెంచుకుని బతికే జీవులు ఇవి. సల్ఫైడ్ ఊరనిచోట అవి ఉండలేవు. కార్బన్ కొలత మైనస్ 41 నుంచి మైనస్ 52 వరకు వచ్చింది.

యురేనియం-థోరియం పద్ధతిలో రాయి వయసు దాదాపు 46 వేల నుంచి 53 వేల ఏళ్ళని తేలింది. అంటే అప్పుడు ఆ చోట సముద్రపు నేలమీద మీథేన్ ఊరుతూ ఉండేది, ఆల్చిప్పల గుంపు బతికేది. పై పొరల బరువుకు కింది బంకమట్టి పైకి ఉబ్బి వాటిని చీల్చడం వల్ల గ్యాసుకు దారులు ఏర్పడి ఉంటాయని పరిశోధకుల అభిప్రాయం. తర్వాత ఊట ఆగింది. నదులు తెచ్చిన ఒండ్రు ఆ ఆల్చిప్పలను 16 మీటర్ల కింద పూడ్చింది. ఈ సంగతి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మన నది పూడ్చిన ఊరు ఒకటి అక్కడ ఉందని అనిపించింది.

హైడ్రేట్ కరిగిందో లేదో రాయి చెప్పగలదా?

కొంతవరకు చెబుతుంది. హైడ్రేట్ ఏర్పడేటప్పుడు బరువైన ఆక్సిజన్ ఉన్న నీటి అణువులను కాస్త ఎక్కువగా తనలోకి తీసుకుంటుంది. తేడా వెయ్యికి సుమారు మూడు పాళ్ళే, కానీ కొలవగలిగేదే. అది కరిగితే ఆ బరువైన నీరు, ఉప్పు తగ్గిన నీరు బురద సందుల్లోకి వస్తుంది. ఆ నీటిలో పుట్టిన కార్బొనేట్ ఆక్సిజన్ కొలతలో ఎక్కువ విలువ చూపుతుంది. అయితే చల్లటి నీరు కూడా ఇలాగే విలువను పెంచుతుంది. మంచుయుగంలో సముద్రపు నీరే కొంత బరువుగా ఉండేది. అందుకే ఈ ఒక్క కొలతతో తీర్పు చెప్పకూడదు.

## తీరం, భయాలు, ఆశలు

ఈ రాళ్ళు గ్యాసు పైకి రాకుండా ఆపుతాయా?

రాయి కొంత ఆపుతుంది, దాన్ని పుట్టించే జీవులు అంతకంటే ఎక్కువ ఆపుతాయి. ప్రపంచం మొత్తం మీద సముద్రపు బురద నుంచి పైకి వచ్చే మీథేన్‌లో తొంభై శాతం వరకు సల్ఫేట్ పొరలోనే ఖర్చవుతుందని అంచనా. రాతి పలక పెరిగితే పగుళ్ళు పూడుకుపోతాయి, గ్యాసు ఆ పలక కింద చేరి పక్కకు మళ్ళుతుంది, ఇంకొకచోట దారి చేసుకుంటుంది.

గ్యాసు తీయడం మొదలుపెడితే ఈ రాళ్ళు అడ్డమా?

తవ్వేవాళ్ళు ముందుగా తెలుసుకోవలసిన విషయం ఇది. రాతి పొర ఉన్నచోట నీరూ గ్యాసూ కదిలే తీరు మారుతుంది, నేల గట్టిదనం మారుతుంది. ధ్వని తరంగాలతో అడుగును చూసేటప్పుడు కూడా గట్టి కార్బొనేట్ పలక నుంచి బలమైన ప్రతిధ్వని వస్తుంది, దాన్ని హైడ్రేట్‌గా పొరబడే ప్రమాదం ఉంది. ఎంత గ్యాసు ఉందన్న లెక్క కంటే ముందు, ఆ చోట గతంలో గ్యాసు ఎన్నిసార్లు బయటపడిందో రాళ్ళు చదివి తెలుసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

మా వలలకు తగిలే రాళ్ళు ఇవేనా?

కావు. ఈ రాళ్ళు ఉన్న లోతుకు మన తీరపు వలలు దిగవు.

పిల్లలకు ఇది ఎలా చూపించాలి?

కిళ్ళీ కొట్టులో దొరికే గుల్ల సున్నం చెంచాడు తెచ్చి గ్లాసు నీటిలో కలపండి. రాత్రంతా కదపకుండా ఉంచి, పైన తేరిన తేటను మాత్రం వేరే గ్లాసులోకి వంచండి. సున్నం కళ్ళలో పడకుండా పెద్దలే ఈ పని చేయాలి. తేటలో ఒక గొట్టం పెట్టి నెమ్మదిగా ఊదమనండి, పీల్చకూడదని ముందే చెప్పండి. కొన్ని ఊపిరులకే తేట పాలలా మారుతుంది. ఆ తెలుపు కాల్షియం కార్బొనేట్, క్షారగుణం ఉన్న నీటిలో కార్బన్, కాల్షియం కలిసి దిగినది. ఊదడం ఆపకుండా ఇంకా ఊదమనండి. పిల్లవాడి ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ ఎక్కువై నీరు ఆమ్లం వైపు తిరుగుతుంది. పుట్టిన తెలుపు కొద్దికొద్దిగా కరగడం మొదలవుతుంది.